రాళ్లు కట్టే చిన్న కుక్కకు ఐదేళ్లుగా యూరినరీ డైట్: నా అనుభవం

మా చిట్టి షిట్జు జాతి ఆడకుక్క. వయసు తొమ్మిదేళ్లు, బరువు ఐదున్నర కిలోలు. 2020 వేసవి నుంచి దానికి రాయల్ కానిన్ యూరినరీ ఎస్/ఓ పెడుతున్నాను. మూత్రాశయంలో రాళ్లు కట్టే కుక్కలకు పశువైద్యుల సలహాపై పెట్టే ఆహారమిది. సంచి తెచ్చి గిన్నెలో పోస్తే చాలు, రాళ్ల బెడద తీరిపోతుందని మొదటి రెండేళ్లు నమ్మాను. ఆ నమ్మకం నిలవలేదు గనుక, ఈ సమీక్షలో ఆ డ్రై ఫుడ్ గింజల గురించి ఎంత చెబుతానో వాటిలో పోసే నీళ్ల గురించి అంతకన్నా ఎక్కువ చెప్పవలసి వస్తోంది.

ఆ మే నెలలో విజయవాడ ఎండలకు చిట్టి నీరసించిందేమో అనుకుంటుండగానే, పది అడుగులకోసారి కూర్చుని నాలుగు చుక్కలు పోయడం, ఆ చుక్కల్లో ఎర్రజీర కనిపించడం మొదలైంది. ఎక్స్‌రేలో శనగగింజంత రాళ్లు మూడు తేలాయి. మూత్రం పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత; 7 దాటితే క్షారం) 8 ఉంది, సూక్ష్మజీవులను పెంచి చూసే కల్చర్ పరీక్షలో స్టెఫైలోకోకస్ బ్యాక్టీరియా దొరికింది. ఈ బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చి మూత్రాన్ని క్షారంగా చేస్తుందని, అప్పుడు మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేట్ కలిసి స్ట్రువైట్ అనే రాయి కడుతుందని, ఆడకుక్కల్లో ఇది తరచుగా చూసేదేనని డాక్టరుగారు వివరించారు. స్ట్రువైట్ ఆహారంతో కరుగుతుంది కాబట్టి ఆపరేషన్ లేకుండా ప్రయత్నిద్దామన్నారు. రాయి పొరల్లో దాక్కున్న బ్యాక్టీరియా అది కరిగేకొద్దీ బయటపడుతూనే ఉంటుంది గనుక, రాయి పూర్తిగా మాయమయ్యేదాకా యాంటీబయోటిక్ కూడా ఆపకూడదన్నారు. నెలకోసారి తీయించిన ఎక్స్‌రేలలో మూడోది శుభ్రంగా వచ్చింది. కత్తి పడకుండా బయటపడినందుకు ఆ ఆహారంపై నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

రుచి విషయంలో చిట్టి ఏనాడూ పేచీ పెట్టలేదు. ఖరీదు మాత్రం మామూలు డ్రై ఫుడ్‌తో పోలిస్తే బాగా ఎక్కువ. ఒకసారి ఒక దుకాణదారు గడువుకు పది రోజులే మిగిలిన సంచిని అంటగట్టాడు; అప్పటి నుంచి తేదీ చూడనిదే డబ్బు ఇవ్వడం లేదు.

2022లో మళ్లీ ఎర్రజీర కనిపించింది. ఈసారి ఇన్ఫెక్షన్ లేదు, పీహెచ్ 6. రాళ్లు బియ్యపు నూకంత చిన్నవి కావడం, చిట్టి ఆడది కావడం కలిసివచ్చి, మత్తు ఇచ్చి, మూత్రాశయాన్ని సెలైన్‌తో నింపి, కుక్కను నిటారుగా పట్టి నొక్కి వాటిని బయటకు తీయగలిగారు. పరీక్షకు పంపితే కాల్షియం ఆక్సలేట్ అని తేలింది. ఇది ఏ ఆహారంతోనూ కరగదు. కాస్త పెద్దదైతే కోసి తీయవలసిందే. తీసేసినా మళ్లీ కట్టే గుణం దీనికి బాగా ఎక్కువ. ఒక కుక్కకు మొదట ఒక రకం, తర్వాత ఇంకో రకం వస్తుందని నేనెన్నడూ ఊహించలేదు. ఆ రోజు మూత్రం సాంద్రత (నీటిది 1.000; అంకె పెరిగేకొద్దీ మూత్రం చిక్కగా ఉన్నట్టు) 1.042 ఉంది. డాక్టరుగారు ఆ అంకె కింద గీత గీసి, దీన్ని 1.020 లోపుకు దించితే తప్ప ఏ సంచీ కాపాడలేదని చెప్పారు.

ఆ ఆహారంలో ఉప్పు శాతం కాస్త ఎక్కువగా ఉంచేది కుక్కకు దాహం వేసి, మూత్రం పలచబడాలనే. అయితే మా చిట్టి దాహం వేసినా గిన్నె దగ్గరకు బద్ధకంగా వెళ్లే రకం. డ్రై ఫుడ్‌లో నీరు పదో వంతు మాత్రమే ఉంటుంది, డబ్బాలో వచ్చే వెట్ ఫుడ్‌లో నాలుగింట మూడొంతులకు పైగా ఉంటుంది. రోజూ వెట్ ఫుడ్ పెట్టే స్తోమత లేక మధ్యేమార్గం ఎంచుకున్నాను. రోజుకు 80 గ్రాముల గింజలను మూడు పూటలుగా పంచి, పూటకు 70 మిల్లీలీటర్ల చొప్పున గోరువెచ్చని నీళ్లు పోసి, పావుగంట నాననిచ్చి జావలా పెడతాను. ఉల్లి, ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ నీళ్లు ఒక చెంచా కలిపితే గిన్నె అడుగు దాకా నాకేస్తుంది. ఐదున్నర కిలోల ప్రాణికి ఈ రెండు వందల పైచిలుకు మిల్లీలీటర్లు చిన్న విషయం కాదు. నెల తిరిగేసరికి సాంద్రత 1.019కి దిగింది. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది: రాత్రి పదకొండింటికి ఒకసారి, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి కిందకు తీసుకెళ్లకపోతే పక్క తడుస్తుంది.

చిరుతిళ్ల విషయంలో తప్పు మా ఇంట్లోనే జరిగింది. అమ్మ ప్రతి సాయంత్రం ఉడికించిన చిలగడదుంప ముక్కలు, గుప్పెడు వేరుశనగ గింజలు దానికి పెట్టేది. రెండింటిలోనూ ఆక్సలేట్ ఎక్కువే. రెండోసారి రాళ్లకు అవే కారణమని ఖాయంగా చెప్పలేను గాని, ఇప్పుడు వాటితో పాటు పాలకూర, తోటకూర కూడా దాని గిన్నె దరిదాపులకు రావు. కీర దోసకాయ, గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలతో సరిపెడుతున్నాం, అవీ రోజు ఆహారంలో పదో వంతు మించకుండా. పెరుగన్నం మానేయమన్నందుకు అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పక్కింటి పిన్నిగారు కొండపిండి ఆకు రసం, అరటి దవ్వ రసం పట్టించమని ప్రేమగా చెప్పారు. మనుషుల రాళ్లకు వాడే ఆ రసాల మోతాదు ఇంత చిన్న కుక్కకు ఎంతో చెప్పేవారు లేరు గనుక ఆ జోలికి పోలేదు.

మూత్రం నమూనా పట్టడానికి పాత గరిటెకు కర్ర కట్టి వాడుతున్నాను; చిట్టి కూర్చోగానే వెనక నుంచి చాపితే సరిపోతుంది. ఒకసారి ఆదివారం పట్టిన నమూనాను ఫ్రిజ్‌లో దాచి సోమవారం ఇచ్చాను. స్ఫటికాలు కుప్పలుగా ఉన్నాయన్నారు, ఇంటిల్లిపాదీ హడలిపోయాం. తాజా నమూనాలో ఒక్కటీ లేదు. చల్లబడిన మూత్రంలో స్ఫటికాలు వాటంతటవే ఏర్పడతాయని అప్పుడే తెలిసింది. ఇప్పుడు అరగంటలోపు ల్యాబ్‌కు చేరుస్తున్నాను.

ఈ ఆహారం అన్ని కుక్కలకూ పనికిరాదు. గుండె జబ్బు, కిడ్నీ వైఫల్యం ఉన్నవాటికి, కూనలకు, కడుపుతో ఉన్నవాటికి పెట్టకూడదు. క్లోమం వాపు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరును ముందే అడగాలి. మగకుక్క ముక్కుతూ ఒక్క చుక్క కూడా పోయలేకపోతే ఆహారం గురించి ఆలోచించే సమయం కాదది, రాయి మూత్రనాళానికి అడ్డుపడి ఉండవచ్చు గనుక ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చిట్టికి వయసు మీద పడుతోంది కాబట్టి ఆరు నెలలకోసారి ఎక్స్‌రేతో పాటు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా చేయిస్తున్నాను. కిడ్నీలు మొరాయిస్తే ఈ ఉప్పున్న ఆహారం మార్చాల్సి వస్తుందని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు. పోయిన నెల అన్నీ బాగానే ఉన్నాయి, సాంద్రత 1.017. కొత్త సంచి విప్పాను.