పెంబర్తి ఇత్తడా, కరీంనగర్ వెండా?

గృహప్రవేశానికి కానుక అంటే మా ఓరుగల్లు వైపు ఈ రెండూ మాటకొస్తాయి. జనగామ దగ్గరి పెంబర్తి ఊరిది ఉబ్బెత్తు పని: ఇత్తడి రేకును లక్క మీద పరిచి, వెనకనుంచి ఉలితో, సుత్తితో కొట్టి బొమ్మను పైకి లేపుతారు. తర్వాత ముందువైపు తిప్పి గీతలు దిద్దుతారు. ఈ పనిని ‘నగిషీ’ అంటారు; అది అరబ్బీ ‘నక్ష్’ నుంచి పారసీ మీదుగా వచ్చిన మాట. పటాల మీద కథలు గీసే చేర్యాల నకాషీ చిత్రకారుల పేరూ ఆ మాట నుంచి వచ్చిందే. పెంబర్తి పని మాత్రం కాకతీయుల నాటిదంటారు.

కరీంనగర్ ఫిలిగ్రీలో ఇలా బొమ్మ లేపడం ఉండదు. సన్నని వెండి తీగలు మెలిపెట్టి, చట్రంలో అమర్చి అతికిస్తారు. అత్తరు పెట్టుకునే అత్తరుదానికి అదే అందం.

గోడకైతే నా ఓటు పెంబర్తికే. ఇత్తడిని చింతపండుతో తోముకోవచ్చు. తీగల సందుల్లో దుమ్ము చేరితే తుడవలేక చావాలి.