పిల్లల కెమిస్ట్రీ కిట్: రెండు నెలలు వాడాక ఒక బ్యాటరీ షాపు నాన్న మాట

ఒంగోలు కర్నూలు రోడ్డులో నాకు చిన్న బ్యాటరీ షాపు ఉంది. మా అమ్మాయి పదో తరగతి. "నాన్నా, లోహాలు, ఆమ్లాల పాఠం బోర్డు మీదే అయిపోయింది, ఒక్క బుడగ కూడా చూపించలేదు" అని బాధపడింది. ఆ వారమే పని మీద నెల్లూరు వెళ్తే, అక్కడ ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో ఈ కిట్టు కనిపించింది. 1,150 రూపాయలు పెట్టి కొన్నాను.

అట్టపెట్టెలో ఆరు టెస్ట్ ట్యూబులు, స్టాండు, జింకు ముక్కలు, మెగ్నీషియం రిబ్బను, ఇనుప మేకులు, రాగి రేకులు, అల్యూమినియం రేకు, సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా, మైలుతుత్తం పొట్లం, లిట్మస్ కాగితాలు ఉన్నాయి. వీటితో పాటు నీళ్ల విద్యుద్విశ్లేషణ (కరెంటుతో నీళ్లని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టడం) కోసం రెండు గ్రాఫైటు కడ్డీలు బిగించిన ప్లాస్టిక్ తొట్టి, దానికి కొలత గీతలున్న రెండు గొట్టాలు ఇచ్చారు. ఈ తొట్టి కోసమైనా కిట్టు కొనచ్చు, ఎందుకో కింద చెబుతాను.

ముందు లోపం. యాసిడ్ సీసా మూత సరిగ్గా బిగించలేదు. బస్సులో ఒంగోలు చేరేసరికి కారి సీసా మీది కాగితాన్ని తినేసింది, పక్కనున్న మెగ్నీషియం రిబ్బను నల్లబడింది. రోజూ యాసిడ్‌తో పనిచేసేవాణ్ణి కాబట్టి వాసనకే కనిపెట్టాను. అదే ఏ పిల్లాడో ఒళ్లో పెట్టుకుని ప్రయాణం చేస్తే? ఫోన్ చేస్తే వేరే సీసా పంపారు, పన్నెండు రోజులకి. కళ్లద్దాలు పెద్దవాళ్ల కొలతవి, మా అమ్మాయికి జారిపోతున్నాయి. గ్లౌజులు లేనే లేవు. పుస్తకం మొత్తం ఇంగ్లీషులో ఉంది.

ఇక ప్రయోగాలు. నాలుగు ట్యూబుల్లో సమానంగా యాసిడ్ పోసి మెగ్నీషియం, జింకు, ఇనుము, రాగి ఒక్కొక్కటీ వేశాం. మెగ్నీషియం వేసీ వేయగానే బుసబుసా పొంగి ట్యూబు వేడెక్కింది. జింకు నింపాదిగా బుడగలు వదిలింది. ట్యూబు మూతిని వేలితో మూసి, తీసి, అగ్గిపుల్ల దగ్గర పెడితే బుడగల్లోంచి వచ్చిన హైడ్రోజన్ టప్‌మని పేలింది. మా అమ్మాయి అదిరిపడి నవ్వింది, మళ్లీ చేద్దామంది. మేకు చుట్టూ బుడగలు కనిపించాలంటే కళ్లు పెట్టి చూడాలి. రాగి మాత్రం ఉలకలేదు, పలకలేదు. హైడ్రోజన్‌ని ఆమ్లంలోంచి తరిమేసే శక్తి రాగికి లేదు, చర్యాశీలత వరుసలో, అంటే ఎక్కువ చురుగ్గా చర్య జరిపేవి పైన ఉండే పట్టీలో, అది హైడ్రోజన్ కంటే కింద ఉంటుంది.

అల్యూమినియం దగ్గర తికమకపడ్డాం. వరుసలో అది జింకు కంటే పైన ఉంది, కానీ యాసిడ్‌లో వేస్తే కదలదు. "పుస్తకం తప్పు నాన్నా" అంది మా అమ్మాయి. ట్యూబు అలాగే వదిలేశాం. కాసేపటికి ఒకటి రెండు బుడగలు లేచాయి, ఆ తర్వాత ఒక్కసారిగా నురగ పైకి తన్నుకొచ్చింది. రేకు మీద పల్చని ఆక్సైడు పొర ఉంటుంది, ముందు అది కరగాలి, ఆపైనే అసలు లోహానికి యాసిడ్ తగులుతుంది. ఈ సంగతి పుస్తకంలో ఒక్క ముక్క రాయలేదు. పిల్లలు ఒంటరిగా చేస్తే ప్రయోగం చెడిందనుకుని పారబోస్తారు.

తొట్టి నాకు నా పనినే కొత్తగా చూపించింది. బ్యాటరీ ఫుల్ చార్జింగు దగ్గరికొస్తే లోపల బుడగలొస్తాయి, నీళ్లు తగ్గిపోతాయి, డిస్టిల్డ్ వాటర్ పోస్తాం. ఆ గ్యాసు దగ్గర బీడీ వెలిగించినందుకు మా షాపులోనే ఒకసారి మూత ఎగిరిపోయింది. తొట్టిలో నీళ్లు పోసి, నాలుగు చుక్కల సల్ఫ్యూరిక్ ఆమ్లం నా చేత్తో నేనే కలిపాను (ఎప్పుడైనా నీళ్లలోకే యాసిడ్ పోయాలి, యాసిడ్‌లోకి నీళ్లు పోయకూడదు). కిట్టుతో ఇచ్చిన 9 వోల్టుల బ్యాటరీ త్వరగా డౌనైతే షాపులోని 12 వోల్టుల బ్యాటరీ తగిలించాను. రుణధ్రువం వైపు గొట్టంలో హైడ్రోజన్ 8 మిల్లీలీటర్లు నిండేసరికి ధనధ్రువం వైపు ఆక్సిజన్ మూడున్నర దగ్గర ఉంది. లెక్క ప్రకారం హైడ్రోజన్‌లో సగం, అంటే నాలుగు రావాలి. కొంత నీళ్లలో కరుగుతుంది, కొంత గ్రాఫైటుని తినేస్తుంది. బ్యాటరీల్లో ఏళ్ల తరబడి నేను పోసిన నీళ్లు ఎక్కడికి పోయాయో గీతల లెక్కతో సహా నా బిడ్డ నాకు చూపించింది.

ఇక్కడొక కోపం కూడా ఉంది. యాసిడ్ లేకపోతే ఉప్పు కలపమని పుస్తకంలో రాశారు. కలిపితే ధనధ్రువం దగ్గర క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. మాకు బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంది, తడి లిట్మస్ కాగితం రంగు పోయి తెల్లబడింది. కిటికీలు తెరవమని కూడా చెప్పకుండా ఆ మాట ఎలా రాస్తారు?

ఇప్పుడు అసలు విషయం. మొన్న వేసవిలో వాటర్ ఫిల్టర్లు అమ్మే కుర్రాడొకడు మా ఇంటికొచ్చాడు. ఒక గ్లాసులో మా నీళ్లు, ఒక గ్లాసులో వాడు తెచ్చిన నీళ్లు పోసి, రెండింట్లో ఇనుప కడ్డీలు పెట్టి కరెంటు ఇచ్చాడు. మా నీళ్లు ముందు ఆకుపచ్చగా, తర్వాత ఇటుక రంగులో మడ్డిలా తయారయ్యాయి, వాడివి తేటగా ఉన్నాయి. "అమ్మా, మీరు రోజూ తాగేది ఈ విషమే" అన్నాడు. మా అమ్మ హడలిపోయి 2,000 అడ్వాన్సు ఇచ్చేసింది.

ఆ నీళ్లే మా అమ్మాయి ఈ తొట్టిలో పోసింది. గ్రాఫైటు కడ్డీలతో బుడగలే తప్ప మడ్డి లేదు. వేరే గ్లాసులో కిట్టులోని మేకులు రెండు పెట్టి బ్యాటరీ తగిలిస్తే అదే పచ్చదనం, అదే మడ్డి. తర్వాత క్యాను నీళ్లలో మేకులు పెట్టింది, మార్పు లేదు. చిటికెడు ఉప్పు వేసిందో లేదో అవీ ఇటుక రంగుకి తిరిగాయి. లవణాలున్న నీళ్లలోంచి కరెంటు బాగా పారుతుంది, ధనధ్రువం దగ్గర ఇనుము కరిగి తుప్పుగా బయటపడుతుంది. ఆ మడ్డి నీళ్లది కాదు, మేకుది. సన్నబడిన మేకుని కడిగి, "చూడు నాయనమ్మా, ఇది తరిగిపోయింది" అని మా అమ్మ చేతిలో పెట్టింది. మీ నీళ్లు మంచివో కావో తెలియాలంటే ల్యాబులో పరీక్ష చేయించండి, ఈ కడ్డీల ఆటని నమ్మకండి.

తొమ్మిది, పది చదివే పిల్లలుంటే కొనండి. పెద్దవాళ్లు పక్కన కూర్చోవాలి, ఇంటి ప్లగ్గు కరెంటు జోలికి పోకూడదు. షాపులోనే పెట్టె విప్పించి యాసిడ్ సీసా తలకిందులు చేసి చూసుకోండి. తయారుచేసేవాళ్లు చదివితే ఒక విన్నపం: కొలత తగ్గించిన కళ్లద్దాలు, మంచి మూత, తెలుగులో నాలుగు పేజీలు. ఇంకో వంద ఎక్కువైనా ఇస్తాం.