విలియమ్స్‌బర్గ్‌లో టైమ్‌షేర్ బోను, పమంకీ నది ఒడ్డున అసలు కథ

అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని విలియమ్స్‌బర్గ్ వెళ్ళే మనవాళ్ళకి ముందుగా ఒక మాట. హోటల్ లాబీలో బల్ల వేసుకుని కూర్చుని, "తొంభై నిమిషాలు మా మాటలు వింటే చాలు, జేమ్స్‌టౌన్ టికెట్లు రెండు ఫ్రీ, పైగా వంద డాలర్ల గిఫ్ట్ కార్డ్" అంటూ నవ్వు మొహంతో పిలుస్తారు. అటు చూడకండి. మా ఆయన చూశారు.

తొంభై నిమిషాలన్నది మూడు గంటలు దాటింది. ఏడాదికి ఒక వారం మనదైపోయే గది, మొదట 24,000 డాలర్లు. వద్దన్నాం. మేనేజర్ అట ఇంకొకాయన వచ్చి 18,000 అన్నాడు. మూడో ఆవిడ వచ్చి కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువగా "మీ పిల్లాడికి జ్ఞాపకాలు అక్కర్లేదా" అని 9,900కి దించింది. మామగారు రూపాయల్లోకి మార్చి చూసుకుని, "అమ్మాయ్, ఈ డబ్బుతో బందరులో వారం కాదు, ఏడాది పొడుగునా ఉండచ్చు, లేచిరా" అని పెద్దగా అనేసి తనే ముందు లేచారు. ఆ గిఫ్ట్ కార్డ్ ఫలానా వెబ్‌సైట్‌లో, ఫలానా హోటళ్ళకి మాత్రమేనని తర్వాత తెలిసింది. ఆ మధ్యాహ్నం మొత్తం పోయింది. అత్తగారికి టీ పడక తలనొప్పి, బాబుకి ఆకలి, మా ఆయనకి నా చూపు.

ఇక ఆ బస సంగతి. యాప్‌లో రాత్రికి 94 డాలర్లని చూపించింది. రెండు రాత్రులకి 188 అనుకున్నాం. చేతికొచ్చిన బిల్లు 352. రోజుకి 28 డాలర్ల రిసార్ట్ ఫీజు, 65 డాలర్ల క్లీనింగ్ ఫీజు, ఆపైన టాక్సులు. రిసార్ట్ ఫీజు దేనికయ్యా అంటే స్విమ్మింగ్ పూల్‌కి అన్నాడు. పూల్ మరమ్మత్తులో ఉంది. కార్పెట్ చెమ్మ వాసన. ఏసీ రాత్రంతా దడదడలాడుతూనే ఉంది. క్లీనింగ్ ఫీజు కట్టించుకున్న గదిలో మైక్రోవేవ్ తెరిస్తే ఎవరిదో పాప్‌కార్న్. విలియమ్స్‌బర్గ్‌లో మామూలు చైన్ హోటల్ తీసుకోండి. టిఫిన్ కూడా పెడతారు.

ఇంతకీ మేం వెళ్ళింది బాబు స్కూల్ ప్రాజెక్ట్ కోసం. నాలుగో తరగతిలో వర్జీనియా చరిత్ర చెప్తారు కదా, వాడికి అక్కడి మూలవాసులైన పౌహాటన్ తెగల గురించి రాసుకురమ్మన్నారు. యాష్‌బర్న్ నుంచి ఐ-95 మీద మూడున్నర గంటలు, చెప్పుకోదగ్గ విశేషం లేదు.

జేమ్స్‌టౌన్ అంటే ఇంగ్లీషువాళ్ళు అమెరికాలో మొదట నిలదొక్కుకున్న ఊరు. ఆ పేరుతో ఇప్పుడు రెండు చోట్లున్నాయి. జీపీఎస్‌లో పేరు కొట్టి ఏదొస్తే దానికి పోకండి. జేమ్స్‌టౌన్ సెటిల్‌మెంట్ రాష్ట్రం నడిపేది. అందులో మూడు ఓడల నమూనాలు, కోట నమూనా, పౌహాటన్ తెగల్లో ఒకటైన పస్పహెగ్ వాళ్ళ ఊరి నమూనా ఉంటాయి. మాకు పెద్దవాళ్ళకి 18, బాబుకి 9, మొత్తం 81 డాలర్లయింది. (ఫ్రీ టికెట్లు తీసుకుని ఉంటే మిగిలేది 36 డాలర్లు. మూడు గంటల తలపోటుకి ఆ ధర చాలదు.) దగ్గర్లోనే, ద్వీపం మీద ఉన్న హిస్టారిక్ జేమ్స్‌టౌన్ అసలు చోటు. 1607 మేలో 104 మంది మగవాళ్ళు, కుర్రాళ్ళు దిగిన నేల. మేం వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళకి 30 డాలర్లు. కానీ నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే సగం తగ్గుతుంది. మా పాస్‌తో నలుగురం 60కే లోపలికెళ్ళాం. పిల్లలుంటే రెండూ చూడండి, ముందు సెటిల్‌మెంట్.

సెటిల్‌మెంట్‌లో నాకు నచ్చింది ఓడలు కాదు, పస్పహెగ్ ఊరు. లేత కొమ్మల్ని వంచి కట్టి, పైన రెల్లు చాపలు కప్పిన ఇళ్ళు, గూడుబండి పైకప్పులా ఉంటాయి. లోపల నిప్పు రాజుకుంటూ ఉంటే పొగకి కళ్ళు మండాయి. బయట ఒకావిడ చట్రానికి బిగించిన జింక తోలుని ఆల్చిప్పతో గీకుతోంది. గీకిన ప్రతిసారీ తెల్లటి పొర సన్నగా రాలుతోంది. పక్కనే మానులో తొలిచిన రోలు, నిలువెత్తు కర్ర రోకలి. అత్తగారి తలనొప్పి అక్కడ వదిలింది. రోకలి అందుకుని మొక్కజొన్నలు నాలుగు పోట్లు వేసి, "మాకూ ఇలాంటిదే ఉండేది, ఇంత బరువు కాదు" అన్నారు. ఇళ్ళు కట్టడం, పొలం పని, వంట అన్నీ ఆడవాళ్ళవేనని ఆవిడ చెప్తే, "మరి మగాళ్ళేం చేసేవారట?" అని నన్ను అడిగించారు. వేట, చేపలు, యుద్ధం.

అధికారం ఎవరికి వచ్చేదన్న ప్రశ్నకి ఆవిడ చెప్పిన జవాబు దగ్గర మామగారు ఆగిపోయారు. పెద్దరాజు వహున్సెనకా. ఇంగ్లీషువాళ్ళు పౌహాటన్ అని పిలిచింది ఈయన్నే. తాను వారసత్వంగా పొందింది ఆరేడు తెగల మీద అధికారం. ఇంగ్లీషువాళ్ళు దిగేనాటికి దాన్ని ముప్ఫై తెగల దాకా పెంచాడు. ఆ నేలని వాళ్ళు సెనకొమాకా అనేవారు. జనం పద్నాలుగు, పదిహేను వేలుంటారని అంచనా. ఒక్కో తెగకీ ఒక నాయకుడు, కొన్నిచోట్ల నాయకురాలు. వాళ్ళు మొక్కజొన్న, తోళ్ళు, రాగి, పూసలు కప్పం కట్టాలి. అయితే ఆయన కొడుకులకి రాజ్యం రాదు. ముందు తమ్ముళ్ళకి, తర్వాత అక్కచెల్లెళ్ళకి, ఆపైన అక్కచెల్లెళ్ళ పిల్లలకి. "అంటే కొడుకుని కాదని మేనల్లుడికా!" అని మామగారు మా ఆయన వైపు అదోలా చూశారు. మా ఆయనకి అత్త కొడుకంటే పడదు.

మర్నాడు ద్వీపం మీద పార్క్ రేంజర్ చెప్పిన టూర్ ఈ ప్రయాణంలో అన్నిటికంటే గిట్టుబాటైంది, టికెట్‌లోనే కలిసి ఉంది. వహున్సెనకా కూతురు పొకహొంటస్ అడ్డుపడి, జేమ్స్‌టౌన్ ఇంగ్లీషువాళ్ళ నాయకుల్లో ఒకడైన జాన్ స్మిత్ తల కాపాడిందన్న కథని ఆయన అక్కడే పక్కన పెట్టేశాడు. 1607 డిసెంబర్‌లో స్మిత్‌ని పట్టుకున్నది వహున్సెనకా తమ్ముడు ఒపెచన్‌కనో. పెద్దరాజు ఉండే వెరోవొకోమొకోకి తీసుకెళ్ళారు. స్మిత్ మరుసటి ఏడాది రాసిన దాంట్లో తల కొట్టేయబోయిన ముచ్చటే లేదు. 1624లో, పొకహొంటస్ చనిపోయి ఏడేళ్ళయ్యాక రాసిన దాంట్లో మాత్రం ఉంది. స్మిత్‌ని పట్టుకున్నప్పుడు ఆ పిల్లకి పది, పదకొండేళ్ళు. ఆ వెరోవొకోమొకో మీకు జీపీఎస్‌లో కనబడ్డా వెళ్ళకండి. యార్క్ నది ఒడ్డున ఆ చోటుని 2003లో గుర్తించారు, 2016లో నేషనల్ పార్క్ సర్వీస్ కొన్నది, జనాన్ని ఇంకా లోపలికి రానివ్వడం లేదు.

స్మిత్‌ని అక్కడ వహున్సెనకా అడిగాడట, మా దేశం ఎందుకొచ్చారని. స్పెయిన్‌వాళ్ళతో గొడవైంది, తుఫాను తోసుకొచ్చింది, పడవ కారుతోంది, మా పెద్దాయన, ఓడల కెప్టెన్ న్యూపోర్ట్ రాగానే వెళ్ళిపోతామని చెప్పాడు స్మిత్. ఇది విని మామగారు జనం తిరిగి చూసేలా నవ్వారు. "తొంభై నిమిషాలే అన్నమాట!"

1608లో న్యూపోర్ట్ ఇంగ్లండు రాజు పంపిన కానుకలతో వచ్చాడు. జేమ్స్‌టౌన్ వచ్చి పుచ్చుకోమంటే వహున్సెనకా రానన్నాడు: నేనూ రాజునే, ఇది నా నేల, ఇచ్చేవాళ్ళే రావాలి. చివరికి వీళ్ళే మంచం, చెంబు, పళ్ళెం, ఎర్రటి అంగీ మోసుకుని వెళ్ళారు. కిరీటం పెట్టడానికి మోకాలు వంచమంటే వంచలేదు. భుజాలు నొక్కితే కాస్త వంగాడు, ఆ సందులో రాగి కిరీటం పెట్టేశారు. బదులుగా న్యూపోర్ట్‌కి ఆయన ఇచ్చింది తన పాత చెప్పులు, పాత శాలువా. బాబు ప్రాజెక్ట్ రాసింది దీని మీదే.

మిగతా భాగం నవ్వు తెప్పించేది కాదు. 1606 నుంచి 1612 దాకా కరువు. ఏడేళ్ళ కరువుల్లో 770 ఏళ్ళలో అంత ఘోరమైనది లేదని సైప్రస్ చెట్ల వలయాలని బట్టి తేల్చారు. తెగలవాళ్ళకే చాలని మొక్కజొన్నని ఇంగ్లీషువాళ్ళు బతిమాలి కొన్ని, బెదిరించి కొన్ని పట్టుకుపోయారు. 1609-10 చలికాలంలో కోటని తెగలవాళ్ళు చుట్టుముట్టాక, లోపలున్న దాదాపు మూడొందల మందిలో అరవై మంది మిగిలారు. మ్యూజియంలో ఆ చలికాలంలో పోయిన పద్నాలుగేళ్ళ పిల్ల పుర్రె ఉంది, దాని మీద కత్తి గాట్లు. మనిషి మాంసం తిన్న ఆనవాళ్ళు అవి. చిన్నపిల్లలుంటే ఆ గది దాటించేయండి. మర్యాదస్థులనుకునే వీళ్ళు 1610 ఆగస్టులో పస్పహెగ్ ఊరు తగలబెట్టి, రాణి పిల్లల్ని నదిలోకి విసిరి కాల్చారు, ఆ తర్వాత రాణినీ చంపారు. ఈ సంగతి దాడి నడిపిన జార్జ్ పెర్సీయే రాసుకున్నాడు. రేంజర్ ఇది చెప్తుంటే అత్తగారు బాబు చెవులు మూశారు.

బయట 1922లో పెట్టిన పొకహొంటస్ విగ్రహం ఉంది. అందరూ చేతులు పట్టుకుని ఫొటోలు దిగి దిగి ఆ అరచేతులు మాత్రం మెరుస్తుంటాయి. వేసిన బట్టలు మాత్రం ఎక్కడో పశ్చిమాన మైదానాల తెగలవి. ఆమెని 1613లో కెప్టెన్ ఆర్గల్ ఓడెక్కించి బందీ చేశాడు. ఎక్కేలా చేసినవాడికి ముట్టింది ఒక రాగి గిన్నె. 1614లో జేమ్స్‌టౌన్ ఇంగ్లీషువాడు జాన్ రాల్ఫ్‌తో పెళ్ళి, 1617లో ఇంగ్లండులోనే చావు. ఊళ్ళో ఒక కొట్లో ప్లాస్టిక్ ఈకల తలపాగా 22 డాలర్లకి అమ్ముతుంటే బాబే వద్దన్నాడు.

టూర్ అయ్యాక రేంజర్ మామగారిని ఏ ఊరని అడిగాడు. మచిలీపట్నం అన్నారు. "మసూలిపటమా? సర్ థామస్ డేల్ చనిపోయింది అక్కడే కదా!" అన్నాడాయన. నేను నమ్మలేదు, నిజమే. వర్జీనియాని ఉక్కు చేత్తో ఏలిన డేల్. ఇంగ్లండులో భార్య ఉండగా వహున్సెనకా ఇంకో కూతుర్నీ ఇమ్మని 1614లో మనిషిని పంపినవాడు. ఒకేసారి ఇద్దరు బిడ్డల్ని వదులుకోనని పెద్దాయన తిప్పి పంపాడు. 1616లో పొకహొంటస్‌ని ఓడలో ఇంగ్లండు తీసుకెళ్ళిందీ డేలే. తర్వాత ఈస్టిండియా కంపెనీ ఓడల దండుతో ఇటొచ్చి, 1619 ఆగస్టులో మన బందరులో పోయాడు. కంపెనీ బందరులో మొదలుపెట్టింది 1611లో, వర్జీనియాలో పౌహాటన్లతో మొదటి యుద్ధం సాగుతున్నప్పుడే. ఈస్టిండియా కంపెనీకీ, జేమ్స్‌టౌన్‌ని నడిపిన వర్జీనియా కంపెనీకీ లండన్‌లో పెద్ద ఒక్కడే, సర్ థామస్ స్మైత్. అప్పటిదాకా ప్రతి టికెట్‌నీ ఎనభై ఐదుతో హెచ్చవేస్తున్న మామగారు ఇక లెక్కలు మానేశారు. కనబడిన ప్రతివాడికీ డేల్ కథ చెప్పడం మొదలుపెట్టారు.

జేమ్స్‌టౌన్ నుంచి స్కాట్లండ్ అనే ఊరికి కారుతో సహా ఫెర్రీ, ఒక్క సెంటు లేదు. అవతల ఒడ్డున వేయించిన పల్లీలు కొనుక్కుని అదే ఫెర్రీలో వెనక్కి రండి.

తిరుగు ప్రయాణంలో ఐ-95 ఎక్కకుండా కింగ్ విలియం కౌంటీలో పమంకీ రిజర్వేషన్‌కి తిప్పాం. పౌహాటన్ తెగల్లో ఒకటైన పమంకీలకి మిగిలిన సొంత నేల అది. మ్యూజియం అన్ని రోజులూ తెరిచి ఉండదు, ఫోన్ చేసి వెళ్ళండి. 1,200 ఎకరాలు, మూడువైపులా నది, మధ్యలో రైలు పట్టాలు. చిన్న మ్యూజియం, ఎవరూ తొందర పెట్టలేదు. వహున్సెనకా 1618లో పోయాక ఆయన్ని పాతిపెట్టిన దిబ్బ ఇక్కడే అని వాళ్ళ నమ్మకం. బల్ల దగ్గరున్న ఆవిడ మాతో గంటసేపు మాట్లాడింది. 1622 మార్చి 22న ఒపెచన్‌కనో ఒకే ఉదయం కొట్టిన దెబ్బకి 347 మంది ఇంగ్లీషువాళ్ళు పోయారు. 1644లో మళ్ళీ కొట్టాడు. అప్పటికి నడవలేడు, మంచం మీద మోసేవారు. పట్టుకుని జేమ్స్‌టౌన్‌లో ఉంచితే 1646లో కాపలావాడొకడు వెనకనుంచి కాల్చేశాడు. ఇవన్నీ ఆవిడ తాతగారి సంగతుల్లా చెప్పింది.

ఆవిడ గొంతు మారింది మాత్రం 1924 చట్టం దగ్గర. వర్జీనియాలో మనుషులంటే తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, అంతే అన్నారు. ప్లెకర్ అనే రిజిస్ట్రార్ అమెరికన్ ఇండియన్ల, అంటే ఈ తెగలవాళ్ళ, పుట్టుక కాగితాలనే మార్పించాడు. పొకహొంటస్ మా ముత్తవ్వ అని చెప్పుకునే గొప్పింటి తెల్లవాళ్ళకి మాత్రం ఆ చట్టంలోనే సందు వదిలారు. 1967 దాకా అది నడిచింది. ఆ కాగితాల గొడవ వల్లే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) గుర్తింపు పమంకీలకి ఇంత ఆలస్యంగా, 2015లో వచ్చింది, ఇంకో ఆరు వర్జీనియా తెగలకి 2018లో.

అక్కడ ఉన్నవి జనం ఇళ్ళు, వీధుల్లో తిరిగి కిటికీల ఫొటోలు తీయకండి. నల్లగా కాల్చిన చిన్న మట్టి గిన్నె 45 డాలర్లకి కొన్నాను. అత్తగారు వేలితో కొట్టి చూసి, బేరమాడకుండానే తీసుకోమన్నారు. ఆవిడ అలా అనడం నేనెప్పుడూ చూడలేదు.

ఇంగ్లీషువాళ్ళతో కుదిరిన 1646, 1677 ఒప్పందాల ప్రకారం కప్పంగా పమంకీ, మాటపొనై తెగలవాళ్ళు ఏటా నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండక్కి ముందు రిచ్‌మండ్‌లో గవర్నర్‌కి జింకని ఇస్తారు, ఇప్పటికీ. చూద్దామంటే మామగారి తిరుగు టికెట్ అక్టోబర్‌లో ఉంది. తేదీ మార్చడానికి 240 డాలర్లట. మళ్ళీ ఎనభై ఐదుతో హెచ్చవేస్తున్నారు.