గడ్డి నుంచి గారడి దాకా: ఒక తెలుగు అక్షరాల పెట్టె

ఈ జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్ళినప్పుడు, ఒక చిన్న ప్రచురణ సంస్థ దుకాణంలో 480 రూపాయలకు తెలుగు పదాల ఆటపెట్టె ఒకటి కొన్నాను. అక్షరాన్ని చేర్చడం, తీసివేయడం, తారుమారు చేయడం అనే మూడు పనుల మీదే ఈ ఆట నడుస్తుంది. మందపాటి అట్టబిళ్ళలు, వాటిని పేర్చుకునే చెక్క, 120 ప్రశ్నల చిన్న పుస్తకం పెట్టెలో ఉన్నాయి. మా అమ్మ, తొమ్మిదేళ్ళ మేనకోడలు, నేను రెండు నెలలుగా దాదాపు రోజూ ఆడుతున్నాం.

తెలుగులో ఇటువంటి ఆటను తయారుచేయడం తేలిక కాదు. ఇంగ్లీషు స్క్రాబుల్ పెట్టెలో ఉండేవి 100 బిళ్ళలు, వాటిలో రెండు ఖాళీవి. 26 అక్షరాల భాషకు అవి చాలు. మనకు ఒక్క ‘క’కే గుణింతమంతా ఉంది, దానికి ఒత్తులు తోడైతే ప్రతి రూపానికీ ఒక బిళ్ళ అచ్చువేయడం ఎవరివల్లా కాదు. నేను ఇదివరకు కొన్న ఒక పెట్టెలో ఈ చిక్కు తప్పించుకోవడానికి గుణింతాలు లేని అక్షరాలు మాత్రమే ఇచ్చారు. ‘పడవ’, ‘నటన’, ‘మడమ’ లాంటి నాలుగు మాటలు రాసేసరికి ఆట అయిపోయింది. ఈ పెట్టె చేసినవారు మాత్రం హల్లులను తలకట్టు లేకుండా అచ్చువేసి, తలకట్టు, గుడి, కొమ్ము, ఎత్వం వంటి గుర్తులను పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కలుగా విడిగా ఇచ్చారు. సున్నకూ ఒత్తులకూ వేరే ముక్కలున్నాయి. నాకు ఈ పెట్టె మీద ఇష్టం కలగడానికి కారణం ఇదే.

దీనివల్ల ఏమి సాధ్యమవుతుందో ఒక్క మాటతో చూపిస్తాను. మొదటి రోజు మేనకోడలు ‘గడ్డి’ అని పేర్చింది. డ ఒత్తు తీసేస్తే అది ‘గడి’ అయింది, గ పక్కన సున్న పెడితే ‘గండి’ అయింది. సున్న తీసి, తలకట్టు బదులు కొమ్ము తగిలిస్తే ‘గుడి’, దీర్ఘం తగిలిస్తే పశువులకు మేత వేసే ‘గాడి’ వచ్చాయి. చివర ‘ద’ చేర్చి ‘గాడిద’ చేసి పిల్ల చప్పట్లు కొట్టింది. అంతవరకూ పక్కన కూర్చుని చూస్తున్న మా అమ్మ, “ఆ ద తీసెయ్యవే తల్లీ, మధ్యలో ర పెట్టి చూడు” అంది. ‘గారడి’! గళ్ళ నుడికట్టులో గడ్డి, గడి, గండి, గుడి అన్నీ రెండేసి గళ్ళ మాటలే. గడి లోపల అక్షరాన్ని విప్పి చూసే వీలు అక్కడ లేదు, ఇక్కడ ఉంది.

ఈ సరదా మనకు కొత్తది కూడా కాదు. అక్షరం జారిపోతే అర్థం మారే రచనను అక్షరచ్యుతకమనీ, గుణింతపు మాత్ర జారిపోతే మాత్రాచ్యుతకమనీ, సున్న జారిపోతే బిందుచ్యుతకమనీ పూర్వులు పేర్లు పెట్టారు. బాణభట్టు కాదంబరిలో శూద్రక మహారాజు కాలక్షేపాలలో అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం ఉన్నాయి. ‘తలుపు’లో లకారానికి ఉన్న కొమ్ము తీస్తే ‘తలపు’ మిగులుతుంది, ‘విలువ’కు గుడి తీస్తే ‘వలువ’ మిగులుతుంది. ఈ పెట్టెతో పిల్లలు ఆడుతున్నది మాత్రాచ్యుతకమే. ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి అందిస్తే అవధాని వాటిని కూర్చి చెప్పే వ్యస్తాక్షరికీ, తారుమారు ప్రశ్నలకూ దగ్గరి చుట్టరికం ఉంది. ప్రశ్నల పుస్తకానికి ముందుమాటగా ఈ సంగతులు ఒక్క పుట రాసి ఉంటే ఎంతో బాగుండేది.

తారుమారు ప్రశ్నలు చాలా బాగా కుదిరాయి. “ఊరిని తిరగేస్తే నిద్రపోవచ్చు” అన్న ప్రశ్నకు కడప, పడక జవాబు. పలకను తిరగేస్తే కలప, గడపను తిరగేస్తే పడగ.

తీసివేత ప్రశ్నల జవాబులు మాత్రం నన్ను బాధపెట్టాయి. ‘నగరం’లో ఒక అక్షరం తీసి మరో మాట చెప్పమన్న ప్రశ్నకు పుస్తకం ‘నరం’ ఒక్కటే ఒప్పుకుంటుంది. మేనకోడలు ర తీసి ‘నగం’ అని పేర్చి, జవాబు పుట చూసి చిన్నబుచ్చుకుంది. అమ్మ నిఘంటువు తెచ్చి, నగమంటే కొండ అని చూపించాక గానీ పిల్ల ముఖం తేటపడలేదు. అలాగే ‘చిలుక’ నుంచి కొమ్ము తీస్తే మాట రాదని పుస్తకం చెబుతుంది, అందరి నోటా వినిపించే ‘చిలక’ తప్పు ఎలా అవుతుంది? ఒక ప్రశ్నకు ఒకే జవాబు అన్న పట్టుదల పరీక్షపత్రానికి తగినదే కానీ ఇటువంటి ఆటకు తగదు.

తయారీలోనూ రెండు లోపాలున్నాయి. కొమ్ము ముక్క ఒకే తీరుగా ఇచ్చారు. ‘వ’కు ఆ కొమ్ము పక్కన తగిలిస్తే ‘మ’లా కనిపిస్తుంది, వు, పు రాసేటప్పుడు కొమ్మును కిందికి దించి రాయడం అందుకే. ఇప్పుడిప్పుడే రాత కుదురుతున్న పిల్లలకు ఈ తేడా ముఖ్యం కాబట్టి, వాటికి వేరే ముక్క ఇవ్వాల్సింది. ఇక సున్నలు నాలుగే ఉన్నాయి. నగరం, సాగరం, పుస్తకం అంటూ సున్నతో ముగిసే మాటలు ఇన్ని ఉన్న భాషకు నాలుగు ఏ మూలకు? మేము పాత శుభలేఖ అట్ట కత్తిరించి మరో ఆరు సున్నలు చేసుకున్నాం.

గుణింతాలు వచ్చిన పిల్లలున్న ఇంటికి ఈ పెట్టె తప్పకుండా కొనమని చెబుతాను, పక్కన ఒక నిఘంటువు పెట్టుకోండి. గుణింతాలు ఇంకా నేర్వని పిల్లలకు ఒక ఏడాది ఆగి కొనడం మేలు.