ఈ నెల కూడా నా వద్ద మిగిలినవి: చదివినవి, విన్నవి, ఇంటి పనిలో పనికొచ్చినవి

ప్రతి నెలాఖరున నాకు నచ్చిన చదువును, విన్నవాటిని, ఇంట్లో అక్కరకొచ్చిన వస్తువులను ఒకచోట రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. ఆ కాగితాలను వరుసగా తిరగేసినప్పుడు ఒక సంగతి తెలిసింది. ఒక నెలలో ఆకాశానికెత్తిన వస్తువు మరుసటి నెల జాబితాలో కనిపించడం అరుదు. అందుచేత ఈసారి కొత్తవాటి జోలికి పోకుండా, మూడేళ్లకు పైగా నెలనెలా నిలిచినవాటిని గురించి మాత్రమే రాస్తున్నాను. ఇద్దరు పిల్లలతో రోజంతా ముక్కలుముక్కలుగా గడిచే తల్లికి నిలకడగా ఉపయోగపడే దేనికైనా ఒక లక్షణం ఉండి తీరాలని నా అభిప్రాయం: ఒక రోజు తప్పిపోతే అది మనకు బాకీ లెక్క చూపకూడదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. అంతకుముందు వరుసగా నాలుగేళ్లు, బైబిలు మొత్తాన్ని ఏడాదిలో పూర్తిచేసే పఠన ప్రణాళికను జనవరి 1న మొదలుపెట్టి మధ్యలో వదిలేశాను. 66 గ్రంథాలు, 1,189 అధ్యాయాలు. రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు చదివితే సరిపోతుంది. లెక్క సరైనదే, కానీ ఇంట్లో ఒకరికి జలుబు చేసి నాలుగు రోజులు తప్పితే పదమూడు అధ్యాయాలు పేరుకుపోతాయి, అదీ సరిగ్గా బలుల నియమాలతో నిండిన లేవీయకాండము మొదలయ్యే జనవరి చివరి రోజుల్లో. నేను వాడిన ఒక ఫోన్ యాప్ అయితే, నలభై రోజులు తప్పకుండా చదివిన లెక్కను ఒక్క రాత్రితో సున్నా చేసి చూపింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, పిల్లవాడిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను; ఆ సంగతి దానికెలా తెలుస్తుంది? దానిని ఆ ఉదయమే తీసేశాను.

దాని స్థానంలోకి వచ్చినది చాలా పాతది. 1549లో ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ ఆధ్వర్యంలో వెలువడిన ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) ప్రార్థనా పుస్తకంలో బైబిలులోని 150 కీర్తనలను ముప్పై రోజులకు, ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున అరవై వంతులుగా పంచారు. ఒకటో తేదీ ఉదయం మొదటి ఐదు కీర్తనలతో మొదలై, ముప్పయ్యో తేదీ సాయంత్రం 150వ కీర్తనతో ముగుస్తుంది. మా సంఘం ఆ సంప్రదాయానికి చెందినది కాదు. అయినా ఆ పంపకాన్ని ఒక అట్టముక్క మీద రాసుకుని బైబిలులో పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు కదా. దీనిలోని సుగుణమంతా తేదీలోనే ఉంది. ఐదు రోజులు చదవకపోయినా, ఆరో రోజున ఆ రోజు తేదీ చూసి ఆ వంతు చదివితే చాలు. తప్పినవి వచ్చే నెల అదే తేదీకి వాటంతటవే తిరిగి వస్తాయి.

మూడేళ్లలో నాకు తెలిసివచ్చిన మరో సుగుణం, అది నా మనసుకు నచ్చిన కీర్తనను ఎంచుకోనివ్వకపోవడం. ఒకసారి చిన్నవాడికి జ్వరం తగ్గక తెల్లవార్లూ మేలుకుని, ఉదయాన వాడు నిద్రపోయాక బైబిలు తెరిచాను. ఆ రోజు 17వ తేదీ. 86, 87 ముగించి 88కి వచ్చాను. విలపించే కీర్తనలు చాలావరకు చివరకు ఆశ వైపు మళ్లుతాయి గాని, ఇది చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. నన్ను ఎంచుకోమంటే ఆ ఉదయం తప్పకుండా ఓదార్పు మాటలున్న కీర్తన దగ్గరికే వెళ్లేదాన్ని. కానీ అలసి సొలసి మాట రాని మనిషికి, అదే స్థితిలో ఎవరో పెట్టిన మొర దొరకడం ఓదార్పు కన్నా మేలైన సహాయమని ఆ పూట అర్థమైంది.

లోపాలు లేకపోలేదు. 15వ తేదీ సాయంత్రం వంతు 78వ కీర్తన, ఒక్కటే గాని 72 వచనాలు. పిల్లలను పడుకోబెట్టే వేళకు అది పూర్తయిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 176 వచనాల 119వ కీర్తనను మాత్రం 24 సాయంత్రం నుంచి 26 సాయంత్రం వరకు ఐదు వంతులుగా విడదీశారు గనుక భారం అనిపించదు. అది హెబ్రీ అక్షరమాలలోని 22 అక్షరాలకు ఎనిమిదేసి వచనాల చొప్పున సాగే కీర్తన కాబట్టి ఆగడానికి చోట్లు కూడా దానిలోనే ఉన్నాయి. అసలు లోపం నాకు ఏడాది గడిచాక గాని కనబడలేదు. నేను ఉదయం వంతులు బాగానే చదువుతూ సాయంత్రం వంతులు ఎగ్గొడుతున్నాను; దాని ఫలితంగా, అందరికీ నోటికి వచ్చే 23వ కీర్తనను, అది నాలుగో తేదీ సాయంత్రం వంతులో ఉన్నందువల్ల, నేను ఆ సంవత్సరమంతా దాదాపుగా చదవనేలేదు! అప్పటి నుంచి సరి నెలల్లో సాయంత్రం వంతును ఉదయమే చదువుతున్నాను. ఈ మార్పు చేసుకోకుండా ఈ పద్ధతిని ఏ తల్లికీ సిఫారసు చేయను.

దీనికి తోడుగా సామెతల గ్రంథాన్ని కూడా తేదీ ప్రకారమే, రోజుకొక అధ్యాయం చొప్పున చదువుతాను. దానిలో సరిగ్గా 31 అధ్యాయాలున్నాయి. గుణవతియైన స్త్రీని వర్ణించే చివరి అధ్యాయం 31 రోజులున్న నెలల్లోనే, అంటే ఏడాదికి ఏడుసార్లే వస్తుంది. తల్లులకు ఆ అధ్యాయాన్ని ఎన్నిసార్లు వినిపిస్తారో తెలిసినవారికి, ఏడుసార్లు చాలునని నేను వేరే చెప్పనక్కరలేదు.

ఇక వినడం. ఉతికిన బట్టలు మడతపెట్టే వేళ నేను శ్రవణ (ఆడియో) బైబిలు వింటాను. మార్కు సువార్తకు 16 అధ్యాయాలే గనుక రెండు మూడు విడతల బట్టలతో అది పూర్తవుతుంది. సంగీతం, గుర్రాల చప్పుడు, వేర్వేరు గొంతులు కలిపిన నాటకీయ పఠనాన్ని మొదట ఎంతో ఇష్టపడ్డాను. ఆరు నెలలు తిరిగేసరికి ఒకే గొంతుతో నిదానంగా చదివినదానికి మారాను. నాటకం మొదటిసారి కట్టిపడేస్తుంది, పదోసారికి వర్షం చప్పుడు ఎక్కడ వస్తుందో ముందే తెలిసిపోయి విసుగు పుడుతుంది. వంశావళులు, ప్రయాణ వృత్తాంతాలు కంటితో చదివినదానికన్నా చెవితోనే బాగా ఎక్కుతాయి. రోమీయులకు పౌలు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, మాత్రం వినడానికి లొంగదు. ఒక వాదనను పట్టుకునేలోపే తరువాతి వాదన వచ్చేస్తుంది, చేతిలోని చొక్కా సగం మడతలోనే ఆగిపోతుంది. ఆ పత్రికను కొలొస్సయుల పత్రికలాగే మొదట సంఘంలో పైకి చదివి వినిపించి ఉంటారని తెలుసు గాని, ఆ శ్రోతల ఓపిక నాకు లేదు.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఒక అధ్యాయం ముగియగానే తరువాతిది దానంతటదే మొదలయ్యే ఏర్పాటును ముందుగా ఆపివేయండి. నేను వంటగదిలో ఉండగా న్యాయాధిపతుల గ్రంథం సాగిపోతూ నాలుగో అధ్యాయానికి చేరింది. యాయేలు అనే స్త్రీ నిద్రలో ఉన్న శత్రు సేనాపతి సీసెరా కణతలో గుడారపు మేకు దిగగొట్టే చోట మా ఐదేళ్లవాడు పరుగున వచ్చి, “ఆ మేకు ఎంత పొడుగుంటుందమ్మా?” అని అడిగాడు. అదే గ్రంథంలో అంతకన్నా ఘోరమైన 19వ అధ్యాయం దాకా అది వెళ్లలేదన్నదే నా అదృష్టం. పాత తెలుగు అనువాదం వినడం వల్ల వచ్చిన లాభం మాత్రం నేను ఊహించనిది. బొమ్మ కోసం జరిగిన తగవులో తొమ్మిదేళ్ల మా అమ్మాయి తమ్ముడితో, “అది ఇటివ్వు, ఏలయనగా అది నాది” అంది. ఆ తగవును తీర్చాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

రోజువారీ వస్తువుల్లో రెండే నిలిచాయి. మొదటిది చేత్తో తిప్పే వంటింటి టైమరు. పదిహేను నిమిషాలు తిప్పి పెట్టి, ఫోనును వేరే గదిలో ఉంచి చదువుకోవడానికి కూర్చుంటాను. ఏడాదిన్నర దాటాక పదిహేనుకు తిప్పితే పదమూడుకే మోగడం మొదలైంది. టిక్కుటిక్కుమనే చప్పుడు కూడా నిశ్శబ్దంలో కొందరికి చిరాకు కలిగించవచ్చు. ఫోనులో అదే పని ఉచితంగా జరుగుతుంది గదా అంటారు. ఫోను చేతికి తీసుకున్నాక పదిహేను నిమిషాలు మిగలవు.

రెండోది ప్రార్థనల నోటుపుస్తకం. పేజీకి నిలువుగా ఒక గీత. ఎడమవైపు తేదీ, అడిగిన సంగతి ఒక వరుసలో. కుడివైపు దాని జవాబు తెలిసిన తేదీ. ఇప్పుడు నాలుగో పుస్తకం నడుస్తోంది. ప్రత్యేకంగా అచ్చువేసి, బొమ్మలు, సూక్తులతో నింపిన ప్రార్థనా డైరీ ఒకటి కూడా వాడి చూశాను గాని, దానిలో నాకు రాయడానికి చోటు తక్కువ, ఖాళీగా వదిలిన రోజుకు సిగ్గు ఎక్కువ. గీత గీసిన మామూలు పుస్తకానికి ఆ ఇబ్బంది లేదు. ఈ మధ్య పాత పుస్తకాలు తిరగేస్తుంటే “ఇద్దరికీ దగ్గు తగ్గాలి” అన్న వరుస వేర్వేరు తేదీలతో పదకొండుసార్లు కనబడింది. పదకొండుసార్లూ కుడివైపు ఖాళీయే. దగ్గు తగ్గకపోలేదు, తగ్గిన రోజున నేను పుస్తకం తెరవలేదు. లూకా సువార్తలో బాగుపడిన పదిమంది కుష్ఠరోగులలో కృతజ్ఞత చెప్పడానికి తిరిగి వచ్చినవాడు ఒక్కడే. మిగిలిన తొమ్మిదిమందిలో నాకొక చోటు ఉందని నా చేతిరాతే సాక్ష్యం చెబుతోంది. ఇప్పుడు ప్రతి నెలా 30వ తేదీ సాయంత్రం ఆ నెల కుడివైపు వరుసను నింపడం ఒక పనిగా పెట్టుకున్నాను, కొన్ని గళ్లు ఏళ్ల తరబడి నిజంగానే ఖాళీగా ఉన్నా సరే.

గోడకు అంటించిన వాక్యాల కార్డులు నాలుగు వారాల్లో గోడలో కలిసిపోయాయి, కాబట్టి వాటిని గురించి ఎక్కువ రాయను.

కీర్తనల పంపకంలో 31వ తేదీకి వంతు లేదు. ఆ రోజున ముప్పయ్యో తేదీ వంతునే మళ్లీ చదవాలన్నది పాత నియమం. మా ఇంట్లో ఆ రోజు ఎంపిక పిల్లలది. అమ్మాయి ఒక్కోసారి ఒక్కొక్కటి అడుగుతుంది. చిన్నవాడు మాత్రం ప్రతిసారీ 117 అనే అంటాడు. అది రెండే వచనాలని వాడికి ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.