సి-స్పాన్ వీడియో లైబ్రరీ: నేను మింగేసిన ‘అట’ దొరికిన చోటు

2003 జనవరి 30 నాటి పత్రిక కత్తిరింపు ఒకటి నా పాత ఫైల్లో ఉంది. నాలుగు కాలమ్‌ల హెడ్డింగు: ‘సద్దాం చేతికి ఆఫ్రికా యురేనియం’. ఆ హెడ్డింగు నాదే. అప్పట్లో ఒక తెలుగు దినపత్రికలో విదేశీ వార్తల డెస్కులో పనిచేసేదాన్ని. ఏజెన్సీల ఇంగ్లిషు కాపీని తెలుగు చేయడం, కుదించడం, హెడ్డింగు పెట్టి పేజీకి పంపడం నా ఉద్యోగం. ఇరాక్ యుద్ధానికి ముందు ఆరు నెలలూ, తర్వాత ఏడాదీ వాషింగ్టన్ నాయకులు సద్దాం ఆయుధాల గురించి అన్న మాటల్లో చాలా భాగం నా చేతి మీదుగానే తెలుగులోకి వచ్చాయి. వాళ్ల గొంతు మాత్రం నేను వినలేదు. కాగితం మీద చదివాను, అంతే. ఉద్యోగ విరమణ తర్వాత, తీరిక దొరికి, రెండు నెలలుగా వింటున్నాను. వినిపిస్తున్నది సి-స్పాన్ వీడియో లైబ్రరీ.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. సి-స్పాన్ అమెరికాలో కేబుల్ సంస్థలు తమ సొమ్ముతో నడుపుతున్న లాభాపేక్ష లేని చానెల్. 1979 నుంచి ఆ దేశ చట్టసభ కాంగ్రెస్‌లోని ప్రతినిధుల సభ కార్యకలాపాలను, 1986 నుంచి ఎగువసభ సెనేట్‌ను ప్రసారం చేస్తోంది. వ్యాఖ్యాతలు ఉండరు, అరుపులు ఉండవు, తెర కింద పరుగెత్తే ఎర్ర అక్షరాలు ఉండవు. 1987 నుంచి ప్రసారమైనవాటిని భద్రపరుస్తూ వచ్చి, 2010లో మొత్తం భాండాగారాన్ని ఇంటర్నెట్‌లో ఉచితంగా తెరిచారు. అప్పటికే అది 1,60,000 గంటలు దాటింది. పాతవి చూడటానికి చందా కట్టనక్కరలేదు. ఖాతా తెరిస్తే మనకు కావలసిన ముక్కను కత్తిరించి దాచుకోవచ్చు. పేరుతో, తేదీతో వెతకవచ్చు. వీడియో కింద మాటలన్నీ అక్షరాల్లో కనిపిస్తాయి.

నేను మొదట వెతికింది నా హెడ్డింగుకు మూలమైన వాక్యాన్నే. 2003 జనవరి 28 రాత్రి అప్పటి అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ చేసిన వార్షిక ప్రసంగంలోది. ఇంగ్లిషులో సరిగ్గా పదహారు మాటలు: సద్దాం హుస్సేన్ ఈ మధ్య ఆఫ్రికా నుంచి పెద్ద మొత్తంలో యురేనియం కోసం ప్రయత్నించినట్టు బ్రిటిష్ ప్రభుత్వం తెలుసుకుంది. మళ్లీ మళ్లీ విన్నాను. ఆ వాక్యానికి కర్త బుష్ కాదు, అమెరికా కాదు, బ్రిటన్. క్రియ ‘సంపాదించాడు’ కాదు, ‘ప్రయత్నించాడు’. పైగా ‘తెలుసుకుంది’ అన్న మాట ఎంత గడుసుదో చూడండి. ‘అంటోంది’ అంటే వినేవాడికి సందేహం మిగులుతుంది. ‘తెలుసుకుంది’ అంటే అది నిజమే అయినట్టు. పూచీ లండన్‌ది, నమ్మకం మాత్రం మనది. ఆ ఏడాది జులైలో, ఆ వాక్యం ప్రసంగంలో ఉండవలసింది కాదని శ్వేతసౌధం ఒప్పుకుంది. సీఐఏ అధిపతి జార్జ్ టెనెట్ తప్పు తనదన్నారు.

ఇక నా హెడ్డింగు చూడండి. బ్రిటన్ లేదు. ప్రయత్నం లేదు. సరుకు ఏకంగా సద్దాం చేతికి వచ్చేసింది.

మన భాషలో ‘అట’ అని ఒక చిన్న మాట ఉంది. ‘వచ్చాడు’ అంటే నేను చూశాను. ‘వచ్చాడట’ అంటే ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు. ఇంగ్లిషు నాయకుడు నాలుగైదు మాటలు ఖర్చు పెట్టి చెప్పేదాన్ని మనం రెండక్షరాలతో తేల్చేస్తాం. కాని పత్రికలో ‘అట’ రాయకూడదు, అది అరుగు మీద కబుర్ల భాష అని మాకు నేర్పారు. దాని బదులు ‘సమాచారం’, ‘తెలిసింది’, ‘భోగట్టా’ వాడేవాళ్లం. చోటు చాలకపోతే అవీ పోయేవి. ఈ లైబ్రరీలో రెండు నెలలు కూర్చున్నాక నాకు అర్థమైనది ఇదే: మాట మార్చిన నాయకుల్లో చాలామంది మొదటిరోజే తమ వాక్యంలో ఒక దొడ్డిగుమ్మం తెరిచి ఉంచుకున్నారు. వాటిని మూసేసింది నాలాంటి అనువాదకులు, హెడ్డింగులు పెట్టేవాళ్లు.

అందరూ కాదనుకోండి. దొడ్డిగుమ్మం పెట్టుకోనివారు అప్పటి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ. 2002 ఆగస్టు 26న నాష్‌విల్‌లో మాజీ సైనికుల సభలో ఆయన అన్నది, సద్దాం వద్ద ఇప్పుడు సామూహిక విధ్వంసక ఆయుధాలు ఉన్నాయనడంలో సందేహం లేదని. ‘నమ్ముతున్నాం’ లేదు, ‘ఉండవచ్చు’ లేదు. ఇది చూశాక అదే పేరుతో వెనక్కి వెళ్లండి. 1994 ఏప్రిల్ నాటి ఇంటర్వ్యూ ఒకటి ఉంది. అప్పటికి ఆయన రక్షణ మంత్రి పదవి నుంచి దిగి ఏడాది దాటింది. 1991 గల్ఫ్ యుద్ధంలో బాగ్దాద్ దాకా ఎందుకు వెళ్లలేదని అడిగితే, పాఠం చెబుతున్న మాస్టారిలా జవాబిస్తారు. వెళ్లి ఉంటే మాతో ఎవరూ వచ్చేవారు కాదు. పడమట ఒక ముక్క సిరియాకు కావాలి, తూర్పున ఒకటి ఇరాన్ అడుగుతుంది, ఉత్తరాన కుర్దులు విడిపోతే టర్కీకి ముప్పు, అది ఊబి అంటారు. సద్దాం కోసం ఇంకెందరు అమెరికన్లు చావాలన్నది ప్రశ్న, ఎక్కువమంది అక్కరలేదన్నది మా నిర్ణయం, అది సరైనదే అనుకుంటున్నాను అంటారు. ఆ యుద్ధంలో పోరులో చనిపోయిన 146 మంది సంఖ్యనూ ప్రస్తావిస్తారు. సెప్టెంబర్ 11 తర్వాత పరిస్థితి మారిపోయిందన్నది తర్వాతి కాలంలో ఆయన వివరణ. మారి ఉండవచ్చు. కాని సిరియా, ఇరాన్, టర్కీ ఉన్నచోటే ఉన్నాయి కదా.

ఈ ముక్క 2007లో ఇంటర్నెట్‌లో విపరీతంగా తిరిగింది. అలా తిరిగేది ఎప్పుడూ ఒకటిన్నర నిమిషమే. పూర్తి సంభాషణ చూడటానికి ఇలాంటి చోటు కావాలి.

ఓట్ల విషయానికి వస్తే ఈ లైబ్రరీ అసలు విలువ తెలుస్తుంది. ఇరాక్‌పై సైనిక బలం వాడే అధికారాన్ని బుష్‌కు ఇచ్చే తీర్మానం 2002 అక్టోబర్ 10న ప్రతినిధుల సభలో 296-133తో, ఆ అర్ధరాత్రి దాటాక సెనేట్‌లో 77-23తో నెగ్గింది. సెనేట్‌లో డెమొక్రాట్లు 29 మంది ఔనన్నారు, 21 మంది కాదన్నారు. వ్యతిరేకించిన రిపబ్లికన్ సెనేటర్ లింకన్ చెఫీ ఒక్కరే. ఆ రోజు డెస్కులో మేం వాడింది ఈ అంకెలే. ఓటుకు ‘అట’ ఉండదు. అవును, కాదు, అంతే. ప్రసంగాలు వినండి, అప్పుడు తెలుస్తుంది. సెనేటర్ హిల్లరీ క్లింటన్ ఔనని ఓటేస్తూనే, నా ఓటు ముందస్తు దాడి అనే కొత్త సిద్ధాంతానికి కాదు, ఒంటెత్తు పోకడకు కాదు అంటారు. మరో సెనేటర్ జాన్ కెర్రీ ఇంకా పొడుగ్గా షరతులు పెడతారు. అధ్యక్షుడు మాట తప్పితే మొదట గొంతెత్తేవారిలో నేనుంటాను అంటారు. ఎడమ చేత్తో తాళంచెవి ఇస్తూ, కుడి చేత్తో ‘జాగ్రత్త’ అని చీటీ రాసిచ్చినట్టు. తాళంచెవి పుచ్చుకున్నవాడు చీటీ చదువుతాడా?

కెర్రీ మీద నాకు మొదట్లో చిరాకుగా ఉండేది. 1991లో గల్ఫ్ యుద్ధ తీర్మానాన్ని వ్యతిరేకించారు, 2002లో సమర్థించారు. 2003 అక్టోబర్‌లో యుద్ధ ఖర్చుల 87 బిలియన్ డాలర్ల బిల్లును కాదన్నారు. 2004 మార్చిలో వెస్ట్ వర్జీనియాలోని మార్షల్ విశ్వవిద్యాలయంలో, ఆ 87 బిలియన్లను వ్యతిరేకించే ముందు నేను సమర్థించాను అనేశారు. ఆ ఏటి అధ్యక్ష పోటీలో ఆయన ప్రత్యర్థులు దాన్ని ఎన్నికలదాకా వాయించారు. మేం కూడా పెట్టెకట్టి వేసుకున్నాం. ఇప్పుడు సెనేట్ చర్చ వింటే ఆ వాక్యం అబద్ధం కాదని తెలిసింది. సంపన్నుల పన్ను తగ్గింపును కొంత వెనక్కి తీసుకుని ఆ డబ్బు ఇవ్వాలన్న సవరణకు ఆయన ఔనన్నారు. అది వీగిపోయాక అసలు బిల్లుకు కాదన్నారు. నిజాన్ని అంత అధ్వానంగా చెప్పిన రాజకీయ నాయకుణ్ణి నేను మరొకరిని చూడలేదు. ఊగిసలాట ఆయనలో లేదని కాదు. ఉన్నది ఆ వాక్యంలో కాదు, 1991కీ 2002కీ మధ్య.

ఇదే లెక్క తిరగేస్తే మాజీ ఉపాధ్యక్షుడు అల్ గోర్ తగులుతారు. 1991లో యుద్ధానికి ఔనన్న కొద్దిమంది డెమొక్రాట్ సెనేటర్లలో ఒకరు. 2002 సెప్టెంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో బుష్ ధోరణిని విమర్శించారు. పక్కపక్కన పెట్టి వింటే, మనిషి మారాడా, యుద్ధం మారిందా అన్నది అంత సులువుగా తేలదు.

ఈ సేవలో ఒక పరిమితి ఉంది, తెలిసి చూడాలి. సభ లోపలి కెమెరాలు సి-స్పాన్‌వి కావు, సభలవి. మామూలుగా మాట్లాడుతున్నవారినే చూపిస్తాయి. ఎదుట కుర్చీలు నిండాయో ఖాళీయో తెలియదు. 2003 ఫిబ్రవరి 12న, యుద్ధానికి అయిదు వారాల ముందు, వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్ ఈ సభ భయంకరమైన మౌనంలో ఉందని వాపోతారు. ఆ మౌనం కళ్లకు కనపడదు, ఆయన గొంతు వెనక వినాలి. బర్డ్ 1964లో టోంకిన్ సింధుశాఖ తీర్మానానికి ఓటేసినవారు. అది సెనేట్‌లో 88-2తో నెగ్గి వియత్నాం యుద్ధానికి దారి వేసింది. ఆ ఓటుకు చింతిస్తున్నానని 2002 చర్చలో చెప్పుకుని మరీ ఈసారి కాదన్నారు. మాట మార్చడమంటే ఇదీ మార్చడమే. 1964 నాటి సభ మాత్రం ఇక్కడ దొరకదు, ఈ భాండాగారం మొదలైందే 1987లో.

ఇంకో సంగతి. వీడియో కింది అక్షరాలు ప్రసార సమయంలో వేసినవే, సరిదిద్దినవి కావని సైటులోనే రాసి ఉంటుంది. చోటు వెతకడానికి వాడండి, ఉటంకించడానికి చెవినే నమ్మండి. నేను ముందు తెలివిగా అనుకుని, మాటల్ని అక్షరాలుగా మార్చే ఒక యాప్‌కు నెల చందా కట్టాను. పేరు చెప్పను. ఒక సెనేటర్ వాక్యంలో ‘కాదు’ను మింగేసి యుద్ధ వ్యతిరేకిని యుద్ధప్రియుణ్ణి చేసింది. నా హెడ్డింగు గుర్తొచ్చి, దాన్ని తిట్టడానికి నోరు రాలేదు. చందా మాత్రం ఆపేశాను.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగేవారికి: ఒక్క మాటనే పట్టుకుని ఏళ్ల వెంట నడవండి. 2003 మొదట్లో అవి ‘ఆయుధాలు’. ఆ వేసవికి ‘ఆయుధ కార్యక్రమాలు’ అయ్యాయి. 2004 జనవరి 20 నాటి బుష్ ప్రసంగానికి ‘సామూహిక విధ్వంసక ఆయుధాలకు సంబంధించిన కార్యక్రమాల తాలూకు కార్యకలాపాలు’. అది నా అనువాదమే. ఆ రాత్రి అంతకంటే చిన్నది కుదరలేదు. మరో ఎనిమిది రోజులకు, ఇరాక్‌లో ఆ దొరకని ఆయుధాల వేట నడిపిన డేవిడ్ కే సెనేట్ సంఘం ముందు కూర్చుని, దాదాపు మనమందరం పొరబడ్డాం, నాతో సహా అంటారు. తప్పకుండా చూడవలసిన వీడియో అది. ఆ తర్వాత మార్చి 24 నాటి విలేఖరుల విందు చూడండి. బుష్ తన కార్యాలయంలో బల్లల కింద ఏదో వెతుకుతున్న ఫొటోలు తెర మీద వేసి, ఆ ఆయుధాలు ఎక్కడో ఇక్కడే ఉండాలి అని హాస్యమాడతారు. హాలు నవ్వుతుంది. అక్కడ నవ్వినవాళ్లది నా వృత్తే. ఆ ఒక్క వీడియో రెండోసారి చూడలేదు.

అప్పటి రక్షణ మంత్రి డొనాల్డ్ రంస్‌ఫెల్డ్ మాటల జంటను మధ్యాహ్న భోజనం తర్వాత పెట్టుకోకండి, నిద్ర పట్టదు. 2003 మార్చి 30న ఒక టీవీ ఇంటర్వ్యూలో, అవి ఎక్కడున్నాయో మాకు తెలుసు, టిక్రిత్, బాగ్దాద్ పరిసరాల్లో, తూర్పున, పడమట, దక్షిణాన, ఉత్తరాన కొంత అన్నారు. 2006 మేలో అట్లాంటా సభలో ఒక మాజీ సీఐఏ విశ్లేషకుడు లేచి అదే వాక్యం అప్పజెబితే, అనుమానిత స్థలాలు తెలుసన్నాను అని సర్దుకోబోయారు. మొదటిది లిఖిత ప్రతిలో చదవండి, రెండోది ఇక్కడ చూడండి.

డబ్బు అడగని సేవకు నక్షత్రాలు వేయడం నాకు రాదు. చెవులకు మంచి హెడ్‌ఫోన్లు, పక్కన తెల్లకాగితం, ఇంగ్లిషు ప్రసంగాన్ని నిదానంగా వినే ఓపిక ఉంటే చాలు. నా ఖాతాలో ఇప్పటికి నలభై ఒక్క ముక్కలు దాచాను. మొదటిది ఆ పదహారు మాటలదే. అది విన్నరోజు సాయంత్రం మా పాత డెస్క్ ఇన్‌ఛార్జి గారికి ఫోను చేశాను. ఆయనకు ఎనభై దాటాయి. కత్తిరింపు చదివి వినిపించి, “ఇందులో బ్రిటన్‌ను తీసేసింది నేనా, మీరా సార్?” అని అడిగాను.

చాలాసేపు ఆలోచించి, “నాలుగు కాలమ్‌లలో బ్రిటన్ పట్టలేదమ్మా” అన్నారు.