చక్రాల బేరింగులకు ఏ గ్రీజు: బంకమట్టి రకమా, లిథియం కాంప్లెక్స్ రకమా?

చిన్న ప్రైవేటు విమానాల చక్రాలలో ఎక్కువగా కనిపించే టేపర్ రోలర్ బేరింగులకు (ఒకవైపు సన్నబడే రోలర్ల మీద చక్రాన్ని తిరగనిచ్చే భాగాలకు) ఏరోషెల్ 22 వంటి బంకమట్టి ఆధారిత గ్రీజును గానీ, మొబిల్ ఏవియేషన్ ఎస్‌హెచ్‌సి 100 వంటి లిథియం కాంప్లెక్స్ (ఒక రకం లిథియం సబ్బుతో చిక్కబరిచిన) గ్రీజును గానీ వాడుతుంటారు. రెండింటిలోనూ మూలనూనె కృత్రిమమైనదే. తేడా అంతా ఆ నూనెను పట్టి ఉంచే చిక్కదనపు పదార్థంలో ఉంది.

బంకమట్టి రకం వేడికి కరిగి జారిపోదు. బ్రేకుల వేడి చక్రపు హబ్బుకు చేరే చోట ఇది చిన్న లాభమేమీ కాదు. లిథియం కాంప్లెక్స్ రకానికి కరిగే హద్దు ఉన్నా అది చాలా ఎత్తున ఉంటుంది కనుక, చిన్న విమానపు మామూలు వాడుకలో దాన్ని లోపంగా లెక్కించనక్కరలేదు. పైగా ఇది నీటిని బాగా తట్టుకుంటుంది కాబట్టి, ఆరుబయట నిలిపి ఉంచే విమానానికి, తయారీదారు మాన్యువల్ అనుమతిస్తే, నా మొగ్గు దీనివైపే.

అయితే ఈ రెండూ ఒకే బేరింగులో కలవకూడదు; కలిస్తే మిశ్రమం పలచబడి, నూనె విడిపోయే ప్రమాదం ఉంది. రకం మార్చేటప్పుడు రోలర్ల మధ్య, కేజ్ (రోలర్లను వాటి చోట్ల పట్టి ఉంచే చట్రం) వెనుక దాగిన పాత గ్రీజంతా పోయేదాకా సాల్వెంట్‌తో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఫెల్ట్ సీళ్లను (గ్రీజు బయటికి పోకుండా అడ్డుకునే ఒత్తిన ఉన్ని వలయాలను) కూడా మార్చాలి. ఆరబెట్టే తొందరలో గాలి గొట్టంతో బేరింగును గిరగిరా తిప్పడం మాత్రం తగదు. రోలర్ల మీద గుంటలో, నీలిరంగు మరకలో కనిపిస్తే గ్రీజు ఎంపికతో పనిలేదు, బేరింగునే మార్చాలి.